నల్లమల పాత రైలు దారి: నాలుగున్నర కిలోమీటర్ల తప్పు పోయింది, 600 మీటర్లు మొండికేసింది

మూడు ఆదివారాలు దీనికే పోయాయి. నంద్యాల–గిద్దలూరు మధ్య 1880ల్లో సదరన్ మరాఠా రైల్వే నల్లమల మీంచి వేసిన మీటర్‌గేజ్ దారిని ఉపగ్రహ చిత్రం మీదికి దించాలి. బ్రాడ్‌గేజ్ వచ్చాక ఘాట్‌లో ఈ దారిని వదిలేశారు. నా దగ్గరున్నది 1905కి ముందు అచ్చయిన సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు షీటు, అంగుళానికి 4 మైళ్లు.

మూలల్లో అచ్చైన అక్షాంశ రేఖాంశాల్నే కంట్రోల్ పాయింట్లుగా (షీటుని నేలకి కట్టే గుర్తులుగా) పెట్టాను. నంద్యాల ఊరు ఊరంతా 4.5 కి.మీ. తూర్పుకి పోయి పొలాల్లో పడింది! స్కాన్‌ని తిట్టుకుని ఎప్సన్ స్కానర్‌లో మళ్లీ చేశా. మళ్లీ అదే తేడా. కాగితం సాగిందేమోనని కొలిచా. సాగితే ఒక పక్కే ఎక్కువ జరగాలి, ఇదేమో షీటంతా ఒకేలా జరిగింది.

అసలు దోషం కల్యాణ్‌పూర్‌ది. త్రికోణమితి సర్వేకి మూలమైన ఆ కేంద్రం రేఖాంశాన్ని పాత షీట్లలో 77°41′44.75″గా తీసుకున్నారు, తర్వాత 77°39′17.57″కి సరిదిద్దారు. తేడా 2′27.18″. 15.5 డిగ్రీల అక్షాంశం దగ్గర సెకనుకి 29.8 మీటర్లు, అంటే 4.39 కి.మీ. అది తీసేశాక దాదాపు 200 మీటర్లు ఆగ్నేయానికి మిగిలింది. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజిస్‌లో, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 కొలమానం బదులు పాత సర్వే కొలమానం కల్యాణ్‌పూర్ 1880 పెడితే అదీ సర్దుకుంది. కుందూ నది వంపులు ఇప్పుడు చక్కగా కూర్చున్నాయి.

ఘాట్ మాత్రం లొంగలేదు. చలమ నుంచి బొగద వైపు రైలు గీత 600 మీటర్లు ఉత్తరానికి ఉంది. షీటు మీద అది 2.4 మిల్లీమీటర్లు, అర మిల్లీమీటరు గీత మందమే నేల మీద 127 మీటర్లు కాబట్టి, పెన్ను మందం మీద తోసేద్దామన్నా కుదరదు. పాయింట్లన్నీ మైదానంలోనే పెట్టడం నా తప్పు కావచ్చు. నా అనుమానం మాత్రం వేరు: కొండల గీతలు ముందే చెక్కి ఉన్న షీటులో రైలు దారిని తర్వాత ఇరికించి ఉంటారు.

షీటుని రబ్బరులా సాగదీసి కూర్చోబెట్టే థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి వాడితే తప్పు సున్నా చూపిస్తుంది. ఆ సున్నాని నమ్మకండి, పాయింట్లన్నిటి మీంచీ కాగితాన్ని వంచేస్తే సున్నా రాక ఏమొస్తుంది? షీటుని వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే ఫస్ట్ ఆర్డర్ పాలినోమియలే నాకు నయం, కనీసం అబద్ధం చెప్పదు.

ఇక అంగుళానికి మైలు షీటు వెతకాలి, అందులో కాంటూర్లు (ఒకే ఎత్తును కలిపే గీతలు) ఉంటాయి. ఈ ఘాట్ దారిలోని దొరబావి వంతెన స్తంభాల్ని కంట్రోల్ పాయింటుగా పెట్టేయాలని చెయ్యి లాగుతోంది గానీ, వాటిని తనిఖీకే దాచుకుంటున్నా. తర్వాత అరకు రైలు దారి. 1960లది కనుక ఈ రేఖాంశాల పీడ అక్కడ ఉండదు.