సురేఖా సిక్రీ సొంత గొంతు

ఆదివారం. పొద్దున్నే గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు వలుస్తుంటే అత్తయ్య ఉన్నట్టుండి అడిగారు. "అవునే అమ్మాయ్, చిన్నారి పెళ్ళికూతురులో నాయనమ్మగా వేసినావిడ ఏమైంది? ఈమధ్య ఎక్కడా కనపడట్లేదు." ఆవిడ 2021 జూలైలోనే పోయారని చెప్పాను. చేతిలో కాడ అలాగే పట్టుకుని "అయ్యో, పోయిందా! ఎంత గట్టి మనిషి!" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు వేరే మాట రాలేదు మా ఇద్దరికీ.

ఆవిడ పేరు సురేఖా సిక్రీ అని అత్తయ్యకి తెలీదు. హిందీలో 2008లో 'బాలికా వధు'గా మొదలై 2016 దాకా నడిచిన సీరియల్ అది. మా టీవీ వాళ్ళు తెలుగులోకి డబ్ చేసి వేసేవాళ్ళు. రాజస్థాన్ పల్లెలో చిన్నపిల్లకి పెళ్ళి చేసి అత్తారింటికి పంపే కథ. ఆనందిగా వేసిన అవికా గోర్ 2013లో 'ఉయ్యాల జంపాల'తో మన హీరోయిన్ అయిపోయింది కాబట్టి ఆ అమ్మాయి పేరు అందరికీ తెలుసు. ఇంటి పెత్తనమంతా చేతిలో పెట్టుకున్న కల్యాణీదేవి పాత్ర వేసినావిడ మాత్రం చాలామందికి "ఆ ముసలావిడ"గానే ఉండిపోయారు. నాకది బాధగా ఉంటుంది. ఆ సీరియల్‌ని మోసింది సగానికి సగం ఆవిడే.

వంట చేస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఆవిడంటే మనకెందుకంత భయం వేసేది? సీరియల్‌లో చెడ్డ అత్తగారంటే కళ్ళు పెద్దవి చేయాలి, కెమెరా మూడుసార్లు మొహం మీదికి రావాలి, వెనకాల ఢాం ఢాం మ్యూజిక్ మోగాలి. ఆవిడకి అవేవీ అక్కర్లేదు. కొంగు సర్దుకుని, కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఒక మాట అనేవారు, అంతే. పైగా ఆ పాత్రని ఉత్త చెడ్డదానిలా ఆడలేదు. తను చేసేదంతా ఇంటి పరువు కోసమేనని మనస్ఫూర్తిగా నమ్మే పెద్దావిడలా ఆడారు. అలాంటి పెద్దవాళ్ళని మన ఇళ్ళలో చూశాం కాబట్టే ఆ భయం.

ఆ పట్టు నాటకాల నుంచి వచ్చింది. 1945లో ఢిల్లీలో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో, తల్లి టీచరు. చదువు అలీగఢ్‌లో. ఇబ్రహీం అల్కాజీ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరారు. 1971లో కోర్సు పూర్తయ్యాక అక్కడి రెపర్టరీ కంపెనీలోనే, అంటే ఆ స్కూలు సొంత నాటక బృందంలోనే, పదేళ్ళకు పైగా ఉండిపోయారు. ఆ తర్వాతే బొంబాయి. మైకులూ క్లోజప్పులూ లేని చోట, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మనసులో మాట అందించడం అక్కడ నేర్చుకున్న విద్య. 1989లో నాటక రంగానికే సంగీత నాటక అకాడమీ అవార్డు ఇచ్చారు.

నేను అస్తమానం అనుకునే విషయం ఒకటుంది. మన తెలుగు ఇళ్ళు ఆవిడని అన్నేళ్ళు చూశాయి గానీ ఆవిడ గొంతు వినలేదు. తెలుగులో చెప్పినావిడ కూడా బాగా చెప్పారు, కాదనను. కానీ సురేఖా సిక్రీ నటనలో సగం ఆ గొంతులోనే ఉంది. కాస్త జీర, తొందర లేని పలుకు, మాటకీ మాటకీ మధ్య చిన్న విరామం. ఆ సగం తీసేసినా మనల్ని భయపెట్టారంటే, మిగిలిన సగం ఎంత బలమైనదై ఉండాలి!

భోజనాలయ్యాక అత్తయ్యకి ఫోన్‌లో హిందీ సినిమా 'బధాయీ హో'లోని మీరట్ పెళ్ళి సీను పెట్టాను. అందులో ఆవిడ అత్తగారు. పెళ్ళీడు కొడుకున్న కోడలు మళ్ళీ నెల తప్పితే అందరికంటే ఎక్కువ సాధించింది ఆవిడే. తీరా పెళ్ళింట్లో మిగతావాళ్ళు ఆ కోడల్ని చులకన చేస్తుంటే ఊరుకోలేకపోతారు. నాకు జబ్బు చేస్తే చేసింది ఈ పిల్లే, మీరెవరూ తొంగి చూడలేదని అందరి ముందూ కడిగేస్తారు. అత్తయ్యకి హిందీ అంతంత మాత్రం. అయినా ఒక్క ముక్క చెప్పమని అడగలేదు. అయిపోయాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాటకాల మనిషే. గొంతులోనే తెలిసిపోతోంది," అన్నారు. చిన్నప్పుడు తెల్లవార్లూ పందిట్లో కూర్చుని పద్యనాటకాలు చూసిన మనిషి కదా, ఇట్టే పట్టేశారు.

ఆ వేషానికే మూడో జాతీయ అవార్డు వచ్చింది. 2018లో పక్షవాతం వచ్చి, 2019 డిసెంబరులో ఆ అవార్డు అందుకోవడానికి చక్రాల కుర్చీలో వచ్చారు. ఇచ్చింది ఉపరాష్ట్రపతి హోదాలో మన వెంకయ్యనాయుడు గారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 'మహానటి'కి కీర్తి సురేష్ ఉత్తమ నటి అవార్డు తీసుకున్నదీ ఆ వేదిక మీదే.

ఆ మరుసటి ఏడాదే కరోనా. 65 దాటినవాళ్ళు షూటింగుకి రాకూడదని మహారాష్ట్రలో నిబంధన పెట్టారు. ఆవిడకప్పుడు 75. జాలిపడి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, పని ఇస్తే చాలు, గౌరవంగా సంపాదించుకుంటానన్నది ఆవిడ మాట. ఆ నిబంధనని తర్వాత బొంబాయి హైకోర్టు కొట్టేసింది. కానీ సెప్టెంబరులో ఆవిడకి రెండోసారి స్ట్రోక్ వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. యాభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి పని కావాలని నోరు తెరిచి అడగాల్సి రావడమేంటి? మన సీరియళ్ళు చూడండి. అరవై దాటిన నటికి దేవుడి గది ముందు నిలబడి దీవించడం తప్ప పని ఉండదు. సురేఖా సిక్రీకి అన్నిటికంటే పెద్ద పేరొచ్చింది అరవై దాటాకే కదా.

సాయంత్రం అత్తయ్యే అడిగి 'తమస్' పెట్టించుకున్నారు. 1988లో గోవింద్ నిహలానీ దూరదర్శన్ కోసం తీసిన దేశవిభజన కథ, ఆవిడకి మొదటి జాతీయ అవార్డు తెచ్చింది. అందులో రాజో అనే ముస్లిం ఇల్లాలు ఆవిడ. ఊళ్ళో గొడవలు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒక ముసలి సిక్కు జంట తలుపు తడతారు. మొదట వెళ్ళిపొమ్మంటుంది. వాళ్ళు వెనక్కి తిరుగుతారు. అప్పుడు ఆ మొహం చూడాలి. మగవాళ్ళొస్తే ఏమవుతుందోనన్న భయం అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆ భయంతోనే వాళ్ళని వెనక్కి పిలుస్తుంది. దయ పుట్టుకొచ్చినట్టు మొహం వెలిగించడం లాంటివేవీ లేవు. అత్తయ్య ఆ ముక్క మళ్ళీ వెనక్కి తిప్పమని చూశారు.

"ఇంకేం చేసిందీవిడ?" అన్నారు. 'మమ్మో' అనే సినిమా ఉందని, రెండో జాతీయ అవార్డు దానికేనని, అది తీసిన శ్యామ్ బెనెగళ్ హైదరాబాద్‌లో పుట్టినాయనేనని చెప్పాను. "అయితే రేపు మధ్యాహ్నం అది పెట్టు," అని మాత్ర వేసుకుని పడుకున్నారు.