ఓటు వేశాం సరే, అమలు చేసేదెవరు?

రెఫరెండం అంటే ఒక ప్రశ్న మీద జనంతో నేరుగా ఓటు వేయించడం. అందులో మధ్యలో నాయకుడు ఉండడు, జనమే నేరుగా తేలుస్తారు, కాబట్టి ఎన్నికల కంటే అదే అసలైన ప్రజాస్వామ్యం అని చాలామంది అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం ఉందని నేను నమ్ముతాను.

ఎన్నికల్లో మనం ఎన్నుకునేది మనిషిని, లేదా పార్టీని. పన్నులు, బడులు, ఆసుపత్రులు, పోలీసులు అన్నీ కలిపి ఒకే ఓటు. మ్యానిఫెస్టోలో సగం నచ్చకపోయినా వేసేస్తాం. అది లోపమే, కాదనను. కానీ గెలిచినవాళ్లెవరో మనకు తెలుసు, పని చేయకపోతే నిలదీయొచ్చు, తర్వాతి ఎన్నికల్లో దించేయొచ్చు. రెఫరెండంలో గెలిచేది ఒక జవాబు, ఆ జవాబుని ఎలా అమలు చేయాలో బ్యాలెట్ మీద రాసి ఉండకపోతే దానికి బాధ్యులంటూ ఎవరూ ఉండరు.

బ్రెగ్జిట్‌లో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన వ్యవహారంలో, జరిగింది ఇదే. 2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్లని అడిగింది ఒక్కటే: యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా? 51.9 శాతం మంది బయటికి అన్నారు. ఉండాలని ప్రచారం చేసిన ప్రధాని కామెరాన్ మర్నాడే రాజీనామా ప్రకటించాడు. బయటికి అంటే ఉమ్మడి మార్కెట్‌లోంచి కూడానా, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కీ యూనియన్‌లోనే ఉండే ఐర్లండ్‌కీ మధ్య సరిహద్దు సంగతేంటి, ఇవేవీ ఆ కాగితం మీద లేవు. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరిసా మే యూనియన్‌తో కుదుర్చుకుని తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. 2019 మార్చి 27న ఎంపీల ముందు ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు! ఎంపీలు మొండికేశారని తిట్టినవాళ్లు చాలామందే, కానీ జనం ఏ రకం బ్రెగ్జిట్ కోరుకున్నారో ఆ ఓటే చెప్పలేదు కదా, వాళ్లు మాత్రం దేన్ని పట్టుకుని నిర్ణయిస్తారు?

ఐర్లండ్ పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ రాజ్యాంగంలో ఏ మార్పుకైనా రెఫరెండం తప్పనిసరి, ప్రధానికి అవసరం అనిపించినప్పుడు పెట్టేది కాదు. 2018లో అబార్షన్ మీద రాజ్యాంగంలో ఉన్న నిషేధాన్ని తీసేయాలా అన్న ఓటింగ్‌కి ముందే 99 మంది మామూలు పౌరులతో వేసిన సభ నెలల తరబడి నిపుణుల్నీ, రెండు పక్షాలవాళ్లనీ విని సిఫార్సులు ఇచ్చింది. రాజ్యాంగంలో ఏ వాక్యం పోతుందో, ఏది వస్తుందో ఓటర్లకు ముందే తెలుసు, ఆ తర్వాత తేబోయే చట్టం ముసాయిదా కూడా ప్రభుత్వం అప్పటికే బయటపెట్టింది. 66.4 శాతం మంది అవునన్నారు, ఆ ఏడాది చివరికల్లా చట్టం వచ్చేసింది.

అలాగని అన్నీ రాసిపెడితే చాలనీ కాదు. కొలంబియాలో 2016లో ప్రభుత్వం ఫార్క్ అనే తిరుగుబాటుదారులతో చేసుకున్న 297 పేజీల శాంతి ఒప్పందాన్ని ఒకే ప్రశ్నగా అడిగారు. అందులో ఏ భాగం నచ్చలేదో చెప్పే వీలు లేదు, చిన్న తేడాతో ఓడిపోయింది.

నన్ను ఇంకా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. నేరుగా ఓటు అనగానే అందరూ చూపించే దేశం స్విట్జర్లాండ్. 50,000 సంతకాలు పోగుచేస్తే పార్లమెంటు చేసిన చట్టాన్ని కూడా అక్కడ జనం ముందుకు లాగొచ్చు, అది గొప్ప హక్కే. అదే దేశంలో జాతీయ ఎన్నికల్లో మహిళలకు ఓటు హక్కు ఇవ్వాలా అని 1959లో రెఫరెండం పెడితే ఓటు వేసింది మగవాళ్లే, వద్దన్నదీ వాళ్లే. మళ్లీ అడిగి ఔననిపించుకునేసరికి 1971 వచ్చింది. ఆ పన్నెండేళ్లూ ఆ మహిళలు నిలదీయడానికి ఒక మంత్రి లేడు, ఓడించడానికి ఒక పార్టీ లేదు, అసలు చేతిలో ఓటే లేదు.