పాత ట్రక్కు ఇంజన్‌కు వాల్వ్ కవర్ బోల్టుల మార్పు: పని ఎంతవరకు వచ్చిందంటే

మొదటి రోజు

ఈ పాత ట్రక్కులో ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి. సిలిండర్లను పైనుంచి మూసే ఇంజన్ హెడ్ పోత ఇనుముతో, దాని మీద కూర్చునే వాల్వ్ కవర్ పల్చని ఉక్కు రేకుతో చేసినవి. చాలామంది మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అని పిలిచే ఈ రేకు మూతను ఆరు చిన్న బోల్టులు పట్టి ఉంచుతాయి. ఒక్కో బోల్టు మందం పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. గడచిన రెండేళ్ళలో కార్క్ ప్యాకింగును మూడుసార్లు మార్చాను. ప్రతిసారీ కొన్ని వారాలు పొడిగా ఉండి, ఆ తరవాత అంచున ఆయిల్ చెమ్మ కనిపించేది, అది ఇంజన్ పొగను బయటికి పంపే వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదికి జారి మాడు వాసన వచ్చేది. చెమ్మ కనిపించినప్పుడల్లా బోల్టులను మరికాస్త బిగించాను. ఆ బిగింపే అసలు కారణమని కవర్ విప్పిన తరవాత గాని తెలియలేదు.

విప్పడానికి ముందు, ఇంజన్ లోపలి వాయువులను బయటికి లాగే పీసీవీ వాల్వును పరీక్షించాను. అది మూసుకుపోతే ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, ఎంత మంచి ప్యాకింగునైనా తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. ఊపితే లోపలి ముక్క గలగలమంది; ఇంజన్ నడుస్తుండగా వేలితో మూస్తే పీల్పు బలంగానే తగిలింది. దోషం అక్కడ లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, ముందు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి ఉంచిన బోల్టులను చివరల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేశాను. ఐదు సాఫీగా వచ్చాయి. నాలుగోది మెడ దగ్గర తెగి, మిగిలిన ముక్క హెడ్‌లోనే ఉండిపోయింది.

కవర్‌ను గాజు పలక మీద పెట్టి అంచు చుట్టూ సందు కొలిచే పల్చని రేకులు, అంటే ఫీలర్ గేజ్ దూర్చి చూశాను. బోల్టు రంధ్రాల దగ్గర రేకు కిందికి దిగిపోయి ఉంది. రెండు బోల్టుల నడుమ 1.2 మిల్లీమీటర్ల వరకు సందు తేలింది. అంటే బోల్టు కింద ప్యాకింగు నలిగి చచ్చిపోతోంది, నడిమి భాగానికి ఒత్తిడే అందడం లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. పావు అంగుళం బోల్టును పొడి మరల మీద 5.6 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో), అంటే 50 అంగుళ పౌండ్లతో బిగిస్తే, నట్ ఫ్యాక్టర్ అనే టార్కు గుణకం 0.2 అనుకున్నప్పుడు దాదాపు 4,400 న్యూటన్ల బలంతో నొక్కుతుంది. ఇది సుమారు 450 కిలోల బరువుతో సమానం. ఆరు బోల్టులకు కలిపి రెండున్నర టన్నులు దాటుతుంది. ఇంత బలం ఉండగా కారుతోందంటే ఆ బలం అంచు పొడవునా పరచుకోవడం లేదనే అర్థం. అందుకే మరింత గట్టి బోల్టుల ఆలోచన మానుకుని, బలాన్ని పంచే ఏర్పాటు మీదే దృష్టి పెట్టాను.

రెండో వారాంతం

తెగిన బోల్టుకే ఒక పూట పట్టింది. ముందుగా ఆయిల్ తిరిగి కిందికి దిగే రంధ్రాలన్నింటినీ శుభ్రమైన గుడ్డలతో మూసి, ఎన్ని గుడ్డలు పెట్టానో కాగితం మీద రాసుకున్నాను. బోల్టు ముక్క పైభాగాన్ని ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, ఎడమవైపు తిరిగే 3.2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వేశాను. కొంత లోతుకు పోయాక బిట్ పట్టు దొరికి ముక్క తానే తిరిగి బయటికి వచ్చింది గాని, దానితోపాటు హెడ్ మరలు కూడా పొడిగా రాలాయి. కనుక ఆ రంధ్రాన్ని 17/64 అంగుళాలకు, అంటే సుమారు 6.7 మిల్లీమీటర్లకు పెంచి, దానికి తగిన ట్యాప్ కొట్టి, స్ప్రింగులా చుట్టి ఉండే మర చుట్టను ఉపరితలానికి అర చుట్టు కిందికి దిగేలా ఎక్కించాను. పోత ఇనుము పొడిలా రాలుతుంది కాబట్టి బిట్‌కు, ట్యాప్‌కు గ్రీజు పూసి ఆ పొడి దానికే అంటుకునేలా చూడడం, మిగిలినదాన్ని వాక్యూమ్‌తో పీల్చేయడం తప్పనిసరి.

మిగతా ఐదు రంధ్రాలకు కొత్త ట్యాప్ వాడలేదు, ఎందుకంటే అది మంచి లోహాన్ని కూడా కోస్తుంది. పాత బోల్టు ఒకదానికి పొడవునా ఆకురాయితో గాడి తీసి, దాన్నే చేత్తో లోపలికీ బయటికీ తిప్పితే మడ్డి అంతా వచ్చేసింది. అడుగు మూసి ఉన్న రంధ్రాలలో ఆయిల్ మిగిలితే బోల్టు దిగేటప్పుడు దానికి దారి ఉండదు. కళ్ళద్దాలు పెట్టుకుని గాలితో ఊది ఆరబెట్టాను.

రేకు అంచును గట్టి చెక్క దిమ్మ మీద ఆనించి, ఉబ్బిన చోట్ల తేలికపాటి సుత్తి దెబ్బలతో వెనక్కి దించాను. తొందరపడకుండా కొట్టి, కొలిచి, మళ్ళీ కొట్టి చివరికి సందును 0.2 మిల్లీమీటర్లకు తెచ్చాను. ఈ మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదేనని నా నమ్మకం.

మూడో వారాంతం

బోల్టుల స్థానంలో రెండు కొనలా మరలుండే స్టడ్‌లు ఎంచుకున్నాను. హెడ్‌లోకి దిగే కొనకు అంగుళానికి 20 మరలు, నట్టు ఎక్కే కొనకు 28 సన్న మరలు. ఇకపై కవర్ ఎన్నిసార్లు విప్పినా అరిగేది నట్టు, స్టడ్‌లే తప్ప హెడ్ మరలు కావు. పైగా ప్యాకింగు స్టడ్‌లకు వేలాడి కదలకుండా ఉంటుంది. స్టెయిన్‌లెస్ చూడడానికి బాగుంటుంది గాని, స్టెయిన్‌లెస్ స్టడ్ మీద స్టెయిన్‌లెస్ నట్టు ఒరుసుకుని పట్టేసుకునే గుణం ఉంది, అందువల్ల జింక్ పూత ఉన్న ఉక్కువే తెచ్చాను. మందాలు చూస్తే ప్యాకింగు 5, రేకు 1, నట్టు కింద వేసే పట్టీ 3, వాషరు 1.6, నట్టు 5.6 కలిపితే 16.2 మిల్లీమీటర్లు వచ్చింది. అందుకని హెడ్ పైన 20 మిల్లీమీటర్లు నిలిచే స్టడ్ తీసుకున్నాను. మరలు వదులు కాకుండా పట్టే జిగురు, అంటే మధ్యరకం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి వాటిని చేత్తోనే అడుగంటా దించాను, పానా వాడలేదు.

ప్రతి నట్టు కింద 45 మిల్లీమీటర్ల పొడవైన ఉక్కు పట్టీ వేశాను, బలాన్ని పక్కలకు పంచేది అదే. కార్క్‌కు బదులు లోపల ఉక్కు గొట్టాలున్న రబ్బరు ప్యాకింగు వాడాను. అది 5 నుంచి 4 మిల్లీమీటర్లకు నలిగాక గొట్టాలు అడ్డుపడి ఇక నలగనివ్వవు. చిన్న టార్క్ రెంచ్‌తో, మధ్య నుంచి చివరలకు, 2, 4, 5.6 న్యూటన్ మీటర్లుగా మూడు విడతల్లో బిగించాను. మరలకు నూనె రాయలేదు, రాస్తే అదే టార్కుకు బలం చాలా పెరిగిపోతుంది.

ఒకసారి ఇంజన్ బాగా వేడెక్కి చల్లారాక అదే టార్కుకు మళ్ళీ బిగించి చూస్తే నట్లు చుట్టులో ఎనిమిదో వంతు తిరిగాయి. రెండోసారి ఏదీ కదలలేదు.

800 కిలోమీటర్ల తరవాత

అంచు చుట్టూ టాల్కమ్ పౌడర్ చల్లి రెండు రోజులు నడిపాను. మానిఫోల్డ్ వైపు తెల్లగానే ఉంది, మర చుట్ట వేసిన నాలుగో స్టడ్ దగ్గర కూడా. వెనక మూల ఒక సన్నని చార మాత్రం తడిసింది. దాన్ని పైకి వెతుక్కుంటూ పోతే ఆయిల్ పోసే మూత వాషరు దగ్గర తేలింది. ఆ రబ్బరు గట్టిపడి పగుళ్ళిచ్చింది, వచ్చే వారం దాన్ని మారుస్తాను.