బిడ్డ మందు కోసం వెళ్తే మెడికల్ షాపులో నవ్వారు

మొన్న మంగళవారమే పాపను ఇంటికి తెచ్చుకున్నాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కావలిలో సిజేరియన్ చేశారు. పాప కడుపులోనే మలం పోసుకుందట, పుట్టగానే ఒళ్లంతా నీలం, ఆక్సిజన్ పెట్టినా రంగు తేలలేదు. అంబులెన్సులో నెల్లూరు తీసుకెళ్లాం, చేర్చుకోవడం పది నిమిషాల పని.

అక్కడ పాప కుడిచేతికొకటి, కాలికొకటి ఆక్సిజన్ చూసే పట్టీ చుట్టారు. చేతిలో 93, కాల్లో 81. ఒకే బిడ్డకు రెండు అంకెలేంటంటే డాక్టరమ్మ కాగితం మీద గుండె బొమ్మ గీసింది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆక్సిజన్ మాయ నుంచే వస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయట, రక్తం చాలావరకు డక్టస్ అనే అడ్డదారిన ఒంట్లోకి పోతుంది. బిడ్డ ఏడ్చి గాలి పీల్చాక ఆ నాళాలు వదులవ్వాలి, అడ్డదారి మూసుకోవాలి. విచిత్రమేంటంటే అదే ఆక్సిజన్ ఊపిరితిత్తుల నాళాన్ని వదులు చేసి డక్టస్‌ని బిగిస్తుంది. మా పాపకు నాళాలు వదులవలేదు, అందుకే ఆక్సిజన్ అందని రక్తం అడ్డదారిన కాళ్లవైపు పోయి అక్కడ అంకె తగ్గిందట. ఊపిరితిత్తుల్లో బీపీ దిగని ఈ జబ్బునే పీపీహెచ్ఎన్ అంటారు.

"ఎనిమిదో నెలలో నొప్పి మాత్రలేమైనా వేసుకున్నావామ్మా?" అని మా ఆవిడను అడిగింది. నడుము నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్! అలాంటివి బిడ్డ కడుపులో ఉండగానే డక్టస్‌ని బిగించేయగలవట. దానివల్లే అని చెప్పలేమంది ఆవిడ. నేనైతే ఆ ఆర్‌ఎంపీతో మాటలు మానేశా.

ఇక అసలు సంగతి. రాత్రి పదకొండుకి చీటీ చేతిలో పెట్టారు, సిల్డెనాఫిల్. ఆసుపత్రి షాపులో అయిపోయింది, పొగతోటలో ఇంకో షాపుకి పరిగెత్తా. కౌంటర్లో కుర్రాడు చీటీ చూశాడు, నన్ను చూశాడు. "ఈ రాత్రికేనా అన్నా?" వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. నాకు అర్థం కాక "బిడ్డ కోసం" అన్నా. "అందరూ బిడ్డ కోసమేలే అన్నా" అన్నాడు వాడు, ఇక షాపంతా నవ్వే. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు, చొక్కా మీద బిడ్డ కక్కిన మరక, అలా నిలబడిపోయా. చీటీ కింద బరువు 2.9 కిలోలని ఉంటే దాని మీద వేలు పెట్టి చూపించా. అప్పుడు నోరు మూశాడు. సారీ మాత్రం చెప్పలేదు.

తర్వాత తెలిసింది, 1998లో వయాగ్రాగా వచ్చింది ఈ మందే, 2005లో అమెరికాలో ఊపిరితిత్తుల బీపీకి పెద్దవాళ్లకు అనుమతిచ్చారు. ఊపిరితిత్తుల నాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాసు పెట్టే వసతి లేనిచోట పసిబిడ్డలకు ఇదే వాడతారట. సిస్టర్ మాత్ర నూరి, నీళ్లలో కలిపి, సిరంజితో కొలిచి గొట్టంలో పోసింది. నాలుగో రోజుకి చెయ్యి 96, కాలు 95. నేను ఆ అంకెల్ని ఫోటో తీసుకున్నా.

మీకూ ఈ మందు రాస్తే చీటీ మీద జబ్బు పేరు, బిడ్డ బరువు పెద్దక్షరాలతో రాయించుకోండి.

మిగిలిన మాత్రలు వాపసు తీసుకోనన్నాడా కుర్రాడు. ఇప్పుడవి మా బీరువాలో ఉన్నాయి, ఇంటికొచ్చే చుట్టాల కళ్లలో పడతాయని మా ఆవిడ పైన కాగితం అంటించింది: "పాప మందు".