ఏ నెలలో డబ్బు అయిపోతుంది?

చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ల ప్లాన్లు చూసి పెట్టడం నా పని. బ్యాంకుకో, గ్రాంటు ఇచ్చే సంస్థకో పంపే ముందు నా దగ్గరికి తెస్తారు. మొదటి పేజీలో మార్కెట్ ఎంత పెద్దదో ఉంటుంది, చివరి పేజీలో అయిదేళ్ల లాభాల గ్రాఫ్ ఉంటుంది. నేను ముందుగా వెతికేది నెలవారీ నగదు లెక్క. చాలా ప్లాన్లలో అదే ఉండదు. పర్యావరణం గురించి, ఉపాధి గురించి ఎంతో మనసు పెట్టి రాసినవాళ్లు కూడా ఏ నెలలో చేతిలో ఎంత మిగులుతుందో రాయరు. వర్ధమాన దేశాల్లో చిన్న వ్యాపారం నిలబడేదీ, కూలిపోయేదీ ఆ లెక్క దగ్గరే అని నా గట్టి నమ్మకం. అక్కడ కష్టం వచ్చిన నెలలో ఆదుకునే బ్యాంకు దొరకడం అరుదు.

ఈమధ్య ఒక అమ్మాయి సోలార్ డ్రయ్యర్ల ప్లాన్ తెచ్చింది. పంట విరగకాసి ధర పడిపోయినప్పుడు రైతుల దగ్గర పండ్లు కొని, ఎండబెట్టి, ఏడాది పొడుగునా అమ్మాలని ఆలోచన. ఏడాది లెక్కలో లాభం బాగానే ఉంది. ఇద్దరం కూర్చుని ఆ ఏడాదిని నెలకో గడి చొప్పున విడగొట్టాం. సరుకు చవగ్గా దొరికేది రెండు నెలలే. అంటే ఏడాదికి సరిపడా కొనుగోలు డబ్బంతా ఆ రెండు నెలల్లోనే చేయి దాటిపోవాలి. రైతుకు రొక్కం కావాలి, అతను ఆగలేడు. కూలీలకు వారం వారం ఇవ్వాలి. షాపుల వాళ్లు మాత్రం సరుకు దించుకున్న 60 రోజులకు గానీ డబ్బివ్వరు. మూడో నెల గడిలో మైనస్ వచ్చింది. నాలుగో నెలలో అది ఇంకా పెరిగింది. ఏడాది చివర లాభం చూపిస్తున్న వ్యాపారం నాలుగో నెలకే మూతపడుతుందన్నమాట. ఆ గడి వంకే కాసేపు చూసి, "ఇది లోన్‌తో పూడ్చుకోవచ్చా మేడమ్?" అంది.

పూడ్చుకోవచ్చు, కానీ తను అడిగిన లోన్ మొత్తం మెషిన్ల కోసమే. దాదాపు అందరూ ఇలాగే అడుగుతారు. మెషిన్ కంటికి కనిపిస్తుంది, తాకట్టుకు పనికొస్తుంది, ఫొటోలో బాగుంటుంది. సరుకు కొనడానికీ, బాకీలు వసూలయ్యేదాకా నెట్టుకురావడానికీ కావలసిన వర్కింగ్ క్యాపిటల్ ఎవరికీ గుర్తుండదు. డ్రయ్యర్ల సంఖ్య సగం చేసి, ఆ మిగిలినదాన్ని కొనుగోళ్లకు పెట్టాం. అమ్మకాల్లో కొంత భాగం అడ్వాన్స్ ఇచ్చే హోటళ్లకు మళ్లించాం. లాభం తగ్గింది. మైనస్ గడులు పోయాయి. నాకు ఆ రెండో ప్లానే నచ్చింది.

కొనేవాళ్ల వైపూ ఇలాంటి లెక్కే ఉంది. పేదల ఇళ్లకు సోలార్ లైట్లు అమ్మే సెల్కో సోలార్ కంపెనీని బెంగళూరులో 1995లో మొదలుపెట్టిన హరీశ్ హందే ఒక వీధి వ్యాపారి మాట తరచూ చెబుతారు. లైటుకు నెలకు 300 రూపాయలంటే ఆ మనిషికి భారమట, రోజుకు 10 అయితే కట్టగలనన్నాడట. మొత్తం ఒకటే. కానీ అతని చేతిలో డబ్బు ఆడేది ఏ పూటకాపూట. వాయిదా కూడా అలాగే ఉండాలి. కెన్యాలో ఎం-కోపా అనే కంపెనీ పని చేసిందీ ఈ పద్ధతిలోనే. కొంత ముందు కట్టించుకుని సోలార్ కిట్ ఇచ్చేవారు, మిగతాది కొన్నవాళ్లు ఫోన్లో రోజువారీ చిన్న మొత్తాలుగా కట్టేవారు. కట్టకపోతే లైటు ఆగిపోయేది. ఫోన్లో డబ్బు పంపుకునే ఎం-పెసా 2007లోనే వచ్చి అప్పటికే జనంలో పాతుకుపోయి ఉండబట్టి అది సాధ్యమైంది. ఇంటింటికీ మనిషిని పంపి అంత చిన్న మొత్తాలు వసూలు చేయాలంటే, వచ్చేదంతా వసూలు ఖర్చులకే పోతుంది. ఇంకో దేశంలో ఇదే చేస్తామనేవాళ్లని నేను మొదట అడిగేది, డబ్బు ఏ దారిన వస్తుందని.

అప్పు డాలర్లలో, ఆదాయం సొంత కరెన్సీలో ఉంటే అదో పెద్ద టెన్షన్. 2023 జూన్‌లో నైజీరియా తన నైరా మారకం రేటు మీద పట్టు సడలించింది. ఆ ఏడాది ముగిసేసరికి నైరా విలువ సుమారు సగానికి పడింది. డాలర్ల అప్పున్న చిన్న వ్యాపారికి, అమ్మకాలు ఏమీ తగ్గకపోయినా, వాయిదా దాదాపు రెట్టింపైనట్టే. వీలైనంతవరకు ఆదాయం వచ్చే కరెన్సీలోనే అప్పు తీసుకోమని చెబుతాను, వడ్డీ కాస్త ఎక్కువైనా సరే.

ఇక రిపేరు. దక్షిణాఫ్రికాలో మొదలైన ప్లేపంప్ గురించి చాలామంది వినే ఉంటారు. పిల్లలు ఆడుకునే రంగులరాట్నం తిరిగితే నీళ్లు ట్యాంకులోకి ఎక్కే ఏర్పాటు అది. 2006లో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు, 2010 నాటికి 4,000 పంపులు పెట్టాలనుకున్నారు. ఒక్కోటి మామూలు చేతి పంపు కంటే ఎన్నో రెట్లు ఖరీదు. పిల్లలు ఆడని వేళ ఆడవాళ్లే దాన్ని తిప్పాల్సి వచ్చింది. పాడైనచోట్ల ఊళ్లో వాళ్లు సొంతంగా బాగుచేసుకోలేకపోయారు. డబ్బు ఇచ్చినవాళ్లు ఒకరు, వాడేవాళ్లు ఇంకొకరు. అలాంటప్పుడు వాడేవాళ్ల ఫిర్యాదుకు పైసా విలువ ఉండదు, ఎందుకంటే కొనేది వాళ్లు కాదు, వాళ్లు వద్దన్నా ఆగేదేమీ లేదు.

అందుకే గ్రాంటుతో నడిచే ప్లాన్లలో రిపేరు ఖర్చు గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను. స్పేర్ పార్ట్ ఎక్కణ్ణుంచి తెస్తారు, రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, మెకానిక్ ఎవరు, గ్రాంటు అయిపోయాక అతని జీతం ఏ అమ్మకంలోంచి వస్తుంది అన్నవన్నీ నెలవారీ లెక్కలో అంకెలుగా రాసి తీసుకురమ్మంటాను.