మాత్ర ఆపిన రాత్రి

ఇప్పుడు మాత్ర లేకుండానే నిద్ర పడుతోంది కాబట్టి రాస్తున్నా. మొన్నటిదాకా ఆ సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

నాయన పోయినాక నాకు గుండెదడ పట్టుకుంది. కడపలోనే ఒక డాక్టరు ఆల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశాడు, ఆందోళన తగ్గించి మత్తుగా ఉంచేది. దడ తగ్గింది, నిద్రా పట్టింది. ఎన్నాళ్ళు మింగాలో ఆయన చెప్పలేదు. ఈ మందు షెడ్యూల్ హెచ్‌1 కిందిది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని, గట్టి నిఘా ఉన్న మందుల జాబితా. 2014 నుంచి ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో షాపులో రిజిస్టరు ఉండాలి. మా వీధి షాపాయన నలిగిన పాత చీటీ చూసి అట్టలకట్టలు ఇచ్చేవాడు.

కొన్నాళ్ళకు మతిమరుపు, తూలు మొదలయ్యాయి. మళ్ళీ ఆస్పత్రికి పోతే సీట్లో వేరే డాక్టరు. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "మీకేం రోగం లేదమ్మా, అంతా మనసులోనే. ఈ రాత్రి నుంచే ఆపేయండి" అన్నాడు.

మరుసటి రాత్రి స్నానాల గదిలో కొళాయి చుక్క పడితే తలలో సమ్మెటతో కొట్టినట్టుండేది. దుప్పటి తగిలినా చర్మం మంట. గోడమీది క్యాలెండరు కదులుతోందని మా ఆయన్ను లేపాను. "పడుకోమే, గాలికి" అన్నాడు. ఫ్యాన్ ఆపే ఉంది. ఆ తర్వాత నాకు తెలీదు. ఫిట్స్ వచ్చిందంట. పక్కింటోళ్ళు చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఎవరో పళ్ళ మధ్య చెంచా దూర్చారు. పన్ను విరిగింది. అవేవీ చేయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి చాలు.

తెల్లారి చూసిన డాక్టరమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని చెప్పింది: ఆల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, అలవాటైన మెదడుకు ఒక్కసారిగా పట్టు తప్పుతుంది. అదే జాతి మందు డయాజిపాం ఒంట్లోంచి నిదానంగా దిగుతుంది. దానికి మార్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించింది. మత్తు లేకుండా ఆందోళన ఒక్కటే తగ్గే మందు రాలేదా మేడమ్ అంటే నవ్వింది. ఒసినాప్లాన్ అని ఒకటి అట్లాగే ప్రయోగాలదాకా వచ్చి, కాలేయం దగ్గర తేడా కనబడి ఆగిపోయిందంట.

మా అత్త దేవుని కడప వెంకన్న దయ అంటుంది, అమ్మ పెద్దదర్గాలో చాదర్ కప్పించింది. నేను ఇద్దరికీ దండం పెట్టుకున్నా, డాక్టరమ్మకు ఇంకో దండం. మీరు వాడుతుంటే మాత్రం ఎవరు చెప్పినా ఒక్కపూటలో ఆపొద్దు.

ఆ ఫోన్ డాక్టరు ఇంకా అదే సీట్లో కూర్చుంటున్నాడు. నా ఫిట్స్ రిపోర్టు జెరాక్సు తీసి ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను. చూశాడో లేదో.