ఎనిమిదడుగుల చక్రం

ఇంగ్లండ్‌లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో స్టర్లింగ్ సింగిల్ నంబర్ 1 అనే పాత ఆవిరి రైలింజను పక్కన నిలబడ్డాను. నడిపే చక్రమే నాకంటే ఎత్తు: ఎనిమిదడుగుల ఒక అంగుళం! "నాన్నా, పెద్ద చక్రాలు ఇంతేనా?" అన్నాడు మావాడు. ఇంతే, అటొకటి ఇటొకటి. మిగతావన్నీ బరువు మోయడానికే.

1870లో గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం ఇంజనీరు పాట్రిక్ స్టర్లింగ్ దీన్ని డాంకాస్టర్‌లో కట్టించాడు. 1895 దాకా మొత్తం 53 తయారయ్యాయి. లెక్క సింపుల్. చక్రం ఒక్కసారి తిరిగితే బండి ఏడున్నర మీటర్లకు పైనే ముందుకెళ్తుంది, కాబట్టి ఎంత వేగంగా పోతున్నా పిస్టన్‌కు హడావిడి ఉండదు. చక్రాలను కలిపే రాడ్లంటే ఆయనకు అస్సలు పడదు. అలాంటి ఇంజను ప్యాంటు జారిపోతుంటే పరిగెత్తే పిల్లాడిలా ఉంటుందన్నాడని చెప్పుకుంటారు. బాయిలర్ మీద ఆవిరి పోగయ్యే గుమ్మటం కూడా పెట్టలేదు. నున్నగా, అందంగా ఉంటుంది. ఈ విషయంలో నా ఓటు ఆయనకే.

చిక్కల్లా పట్టు దగ్గరే. లాగే బలమంతా ఒకే ఇరుసు మీద పడేసరికి తడి పట్టాల మీద, బయల్దేరేటప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగేది. అందుకే ఇసుక చల్లేవాళ్లు. అయినా 1895లో లండన్ నుంచి ఉత్తరానికి జరిగిన రైళ్ల పందెంలో ఇవి దుమ్ము రేపాయి. స్టర్లింగ్ పోయింది కూడా ఆ ఏడాదే. తర్వాత రైళ్లు బరువెక్కాయి, వీటి వల్ల కాలేదు.

1907లో పక్కన పెట్టిన నంబర్ 1ని 1938లో మళ్లీ పట్టాలెక్కించారు. అది చూసినవాళ్లంటే నాకు కుళ్లే!